ఎర్ర సున్నా చుట్టిన గోడ

ముప్పై మూడేళ్లు నేను దోమల మీద బతికాను. దోమలు మన మీద బతుకుతాయని లోకం అనుకుంటుంది. మలేరియా విభాగంలో చేరిన వాడికి అది తలకిందులు. దోమలు లేకపోతే మాకు జీతం లేదు, జీపు లేదు, సమీక్షా సమావేశంలో సమోసా లేదు. బెజవాడలో దోమలు ఇంకా ఉన్నాయంటే మా విభాగం వాటికి ద్రోహం చెయ్యలేదనే అర్థం.

మాది పామర్రు దగ్గర పల్లెటూరు. నాకు సంబంధం కుదిరినప్పుడు మా మామగారు బంధువులందరికీ అల్లుడు హెల్త్ డిపార్ట్‌మెంటు అని చెప్పుకున్నారు. దోమల మాట ఎత్తలేదు. పెళ్లయిన నెలకి ఎవరో అడిగితే మా ఆవిడ "మందులు చూస్తారు" అంది. అబద్ధం కాదు. ఏ మందులో చెప్పలేదు, అంతే.

ఈ మధ్య ఈ పనిలో కొత్తగా చేరిన ఇద్దరు మా ఇంటికొచ్చి, "సార్, ఎలా పనిచేస్తే పైకొస్తాం?" అని అడిగారు. పైకి రావడం గురించి నాకు తెలిసింది ఒక్కటే. నీళ్లలో పుట్టిన దోమ పైకి రావడానికి వారం పది రోజులు పడుతుంది, మనకు ముప్పై ఏళ్లు పడుతుంది. కాఫీ ఇచ్చి పంపేశాను. చెప్పాల్సింది వాళ్ల మొహం మీద చెప్పలేకపోయాను. అది ఇక్కడ రాస్తున్నాను.

అసలు సంగతి ఒక ఇంటి గోడ గురించి. దాని దగ్గరికి రావడానికి నాకు కాస్త ధైర్యం కావాలి. కాబట్టి ముందు పొగ వదులుతాను. మా డిపార్ట్‌మెంటు అలవాటు అదే.

పొగ

నా సర్వీసులో ఎక్కువ కాలం నాకు పైన ఉన్న అధికారిని పెద్దాయన అందాం. పేరు అనవసరం. మంచి మనిషి, భోజనప్రియుడు. దోమ ఎక్కడ గుడ్లు పెడుతుందో ఆయనకు చివరిదాకా తెలియదు. విలేఖరి ఎక్కడ కాఫీ తాగుతాడో మాత్రం తెలుసు. ఒకసారి నేను పొగకు పెట్టే ఖర్చు జనం నీళ్లు పట్టుకునే డ్రమ్ముల మూతలకు పెడదామని నోట్ రాసి పంపితే, పిలిపించి కూర్చోబెట్టి ఎంతో దయగా చెప్పారు.

"ఏమయ్యా, పొగ ఫొటోలో పడుతుంది. మూత పడుతుందా?"

పడదు. అంతటితో మూతల కథ ముగిసింది.

గన్నవరంలో ఏ పెద్దమనిషి విమానం దిగినా, ఆయన బస చేసే వీధికి ముందురోజు పొగబండి వెళ్లాలి. ఆయన అద్దాలెత్తిన కారులో వచ్చి, తలుపులు బిగించిన చల్లటి గదిలో పడుకుని వెళ్లిపోయేవారు. ఆయన్ని కుట్టాలంటే దోమ కూడా అపాయింట్‌మెంటు తీసుకోవాలి. అయినా పొగ వదిలాం. ఒక అపార్ట్‌మెంటు ప్రెసిడెంటుగారు గృహప్రవేశానికి పొగ కావాలని సిఫారసు ఉత్తరం తెచ్చారు. అదీ వదిలాం. హోమం పొగ, మా పొగ కలిసి పురోహితుడికి దగ్గు పట్టుకుంది.

పొగ చంపేది ఆ నిమిషంలో గాలిలో ఎగురుతున్న దోమని. మంచం కింద, బీరువా వెనక, కొక్కేనికి తగిలించిన చొక్కాల్లో కూర్చున్నదాన్ని అది ఏమీ చెయ్యదు. పైగా మా బండి మోత వినగానే జనం కిటికీలు మూసుకుంటారు. దోమలు లోపల, పొగ బయట. నీళ్లలో ఉన్న దోమపిల్లలకైతే వీధిలో ఇంత వేడుక జరిగిన సంగతే తెలియదు. మర్నాడు అవి రెక్కలు ఆరబెట్టుకుని మామూలుగా డ్యూటీకి వస్తాయి.

ఇదంతా నాకు చేరిన ఏడాదే తెలుసు. తెలిసీ బండి ముందు సీట్లో దొరబాబులా కూర్చుని ఊరు తిరిగాను. జనం వాకిళ్లలోకి వచ్చి "మా సందులోకి కూడా రమ్మనండి సార్" అని బతిమాలుతుంటే బాగుండేది. పనికిరాదని తెలిసిన పనికి దండాలు పెట్టించుకోవడం ఎంత సుఖంగా ఉంటుందో మీకూ త్వరలోనే తెలుస్తుంది. జాగ్రత్తగా ఉండండి.

గరిటె

మన అసలు పనిముట్టు తెల్ల గరిటె. నీటిని ముంచి దోమపిల్లలు ఉన్నాయేమో చూసేది. పొగబండికి డ్రైవరు, డీజిలు, పర్మిషను కావాలి. గరిటెకి నడుము వంచితే చాలు. అందుకే దాన్ని ఎవరూ ఇష్టపడరు.

డెంగ్యూ దోమకి మురికి పడదు. కాలువ మీద నింద వేసి చేతులు దులుపుకోవడం మన బెజవాడవాళ్లకు అలవాటు. కానీ పారే కాలువలో అది గుడ్లు పెట్టదు. దానికి కావలసింది మీరు పట్టి దాచుకున్న మంచినీళ్లు. అది పగలు కుడుతుంది. పుట్టిన ఇల్లు వదిలి ఎక్కువ దూరం పోదు కూడా. ఎవరికైనా జ్వరం వస్తే వెతకాల్సింది ఆ చుట్టుపక్కలే.

భవానీపురంలో ఒక రిటైర్డ్ ప్రొఫెసరుగారింట్లో ఫ్రిజ్ వెనక ట్రే లాగి చూపిస్తే, ఆయన కళ్లజోడు సవరించుకుని ఇవి దోమపిల్లలు కావు, వేరే జాతి అని నాకు పాఠం చెప్పారు. నేను వాదించలేదు. వాటిని సీసాలో పోసి మూతకి గుడ్డ కట్టి, ఆయన బల్ల మీదే పెట్టి వచ్చాను. మూడో రోజు ఫోను. "ఏవండీ, ఎగురుతున్నాయండీ." ఆ తర్వాత ఆ వీధిలో ఆయన్ని మించిన మలేరియా వర్కరు లేడు. పక్కింటి మనీప్లాంటు సీసాలు కూడా ఆయనే ఒంపేవారు.

ఇది నాకు నేర్పింది పోలయ్య. మా సెక్షన్‌లో వర్కరు. నాకంటే ఆరేళ్లు పెద్దవాడు, సంతకం దాకా చదువుకున్నాడు. మనిషిని కోప్పడితే మనం వెళ్లాక మూత తీసేస్తాడనీ, ఒకసారి కళ్లతో చూస్తే తనే వేస్తాడనీ అనేవాడు. డ్రమ్ముకి మూత లేకపోతే పాత చీర ముక్క పరిచి, సైకిల్ ట్యూబు ముక్కతో మూతి చుట్టూ బిగించేవాడు. అంగుళం సందు ఉండేది కాదు. నీళ్ల పాత్రలన్నీ ఎండబెట్టించే శుక్రవారం డ్రై డే నాడు నీళ్లు పారబోయించి ఊరుకునేవాడు కాదు, కొబ్బరి పీచుతో డ్రమ్ము లోపలి గోడలు రుద్దించేవాడు. గుడ్లు నీటి అంచున గోడకి అంటుకుని ఉంటాయి. ఎండినా చావవు. మళ్లీ నీళ్లు తగలగానే లేస్తాయి.

పోలయ్య చెప్పినవన్నీ నేను ట్రెయినింగుల్లో నా మాటలుగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. అది చిన్న తప్పు. పెద్దది ఇప్పుడు చెబుతాను.

సువార్తమ్మగారి డ్రమ్ములు

భవానీపురం దాటాక కొండవైపు మెట్లుగా ఎక్కే ఒక వీధి ఉంది. అందులో సువార్తమ్మగారు ఇంటి ముందు గదిలోనే ఇడ్లీ, పునుగులు వేసి అమ్మేది. భర్త లేడు. కూతురు షారోను ఇంటర్ చదువుతోంది. చర్చికి వెళ్లే వీధి కావడంతో ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె గుమ్మం ముందు జనం ఆగని వారం ఉండేది కాదు.

ఆ వానాకాలం ఆ వీధిలో డెంగ్యూ వచ్చింది. మొదట పడింది షారోనే. వారం తిరిగేసరికి ఇంకో నలుగురు. ఒక పేపర్లో వార్త పడింది, పెద్దాయనకు పైనుంచి ఫోను వచ్చింది, నాకు పెద్దాయన నుంచి వచ్చింది. సాయంత్రానికి కారణం దొరకాలన్నారు. దోమ దొరకాలనలేదు.

అప్పట్లో మాకొక పద్ధతి ఉండేది. ఇంట్లో దోమపిల్లలు దొరికితే వీధి వైపు గోడ మీద ఎర్ర పెయింటుతో పళ్లెమంత సున్నా చుట్టి, లోపల తేదీ వేసేవాళ్లం. వరసగా మూడు శుక్రవారాలు ఏమీ దొరక్కపోతే మేమే వచ్చి చెరపాలి. ఇంటివాళ్లు చెరిపితే జరిమానా. ఈ ఆలోచన పెద్దాయనది. ఎర్ర సున్నా ఫొటోలో బాగా పడేది.

నేను, పోలయ్య, వెనక ఇద్దరు విలేఖరులు. సువార్తమ్మగారి ఇంటికి చేరేసరికి పది దాటింది. ఆ వీధికి కుళాయి పొద్దున్నే ఒక గంట వస్తుంది, అంతే. వరండాలో ఐదు డ్రమ్ములు నిండా పట్టి ఉన్నాయి. నాలుగింట్లో ఏమీ లేదు. ఐదోదాంట్లో గరిటె ముంచితే మూడో నాలుగో కదిలాయి. నాకు చాలు.

ఐదు డ్రమ్ములూ మెట్ల మీదికి ఒంపించాను. నాలుగు శుభ్రంగా ఉన్నాయని పోలయ్య నా చెవిలో అన్నాడు. వినపడనట్టు ఉన్నాను. కెమెరాలు ఉన్నాయి మరి.

సువార్తమ్మగారు అడ్డం రాలేదు. పప్పు నానబెట్టిన గిన్నె చేత్తో పట్టుకుని నీళ్లు మెట్టు మెట్టూ దిగడం చూసింది. తర్వాత మెల్లగా అంది.

"అయ్యగారూ, మళ్లీ నీళ్లు రేపు పొద్దున్నేనండి. పిల్ల ఆసుపత్రిలో ఉంది. నేను ఇవాళ వంట దేంతో చెయ్యను?"

డ్రమ్ములకి మూతలు పెట్టుకోవాలమ్మా అన్నాను. మూతలు మీరివ్వండి, పెడతానంది. విలేఖరి ఒకడు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. బ్రష్ పోలయ్య చేతిలోంచి లాక్కుని నేనే సున్నా చుట్టాను. మామూలుగా ఇన్‌స్పెక్టర్లు చుట్టరు. నేను చుట్టాను, మామూలు కంటే పెద్దది చుట్టాను.

నేను దిగుతుంటే ఆమె పైమెట్టు మీద నించుని చెయ్యి చాపి కిందికి చూపించింది. వీధి మొదట్లో, కొండ మొదలయ్యే చోట మా డిపార్ట్‌మెంటు షెడ్డు. చుట్టూ ఎత్తు గోడ.

"అది చూశారా అండీ ఎప్పుడన్నా?"

"అది మా షెడ్డమ్మా. దాంట్లో మందే ఉంటుంది" అన్నాను.

ముప్పై మూడేళ్లలో నేనన్న మాటల్లో దీన్ని మించిన మూర్ఖపు మాట ఇంకోటి లేదు. పోటీకి చాలా ఉన్నాయి.

మర్నాడు పేపర్లో ఆ గోడ, ఆ సున్నా, పక్కన సువార్తమ్మగారు. వీధంతటికీ జ్వరం అంటించిన ఇల్లు అదేనని తేలిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక జనం ఆమె గుమ్మం వైపు చూడకుండా రెండో పక్కగా దిగడం మొదలుపెట్టారు. డెంగ్యూ ఇడ్లీలో రాదని ఒక్క మాట చెప్పాల్సిన వాణ్ణి నేను. చెప్పలేదు. ఎవరూ అడగలేదు కదా అనుకున్నాను.

షెడ్డు

డ్రమ్ములు ఒంపినా జ్వరాలు ఆగలేదు. రెండు వారాల్లో ఇంకో ముగ్గురు. అందరూ వీధి కింది కొసన ఉన్నవాళ్లే. మ్యాపు మీద చుక్కలు పెట్టి చూసే అలవాటు ఉన్న వాడికైతే పది నిమిషాల పని. నా మ్యాపు బీరువాలో ఉంది. తాళం పెద్దాయన దగ్గర ఉంది. మేము పొగ వదిలాం.

పోలయ్య మాత్రం ఎవరూ చెప్పకుండానే సువార్తమ్మగారి ఇంటికి వెళ్లి ఐదు డ్రమ్ములకీ చీరముక్కలు కట్టి వచ్చాడు. వచ్చినవాడు నా బల్ల ముందు నించున్నాడు.

"సార్, ఒకసారి ఆయమ్మ పైమెట్టు ఎక్కి చూడండి. కిందనుంచి కనపడదు. పైనుంచే కనపడుద్ది."

ఎక్కాను. ఆమె గుమ్మం దగ్గర నించుంటే మా షెడ్డు గోడ వెనకాల దొడ్డి మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపించింది. మందు తెచ్చిన ఖాళీ డబ్బాలు మూతలు లేకుండా వరసగా నించుని ఉన్నాయి. పొగబండికి మార్చిన పాత టైర్లు ఒకదాని మీద ఒకటి. అన్నింట్లోనూ వాననీళ్లు ఎండకి మెరుస్తున్నాయి. ఆ కుటుంబం రోజూ పొద్దున్నే చూసేది అదే.

కిందికి దిగి తాళం తీయించాం. పోలయ్య మొదటి డబ్బాలో గరిటె ముంచి నాకు చూపించాడు. గరిటెలో నీళ్లకంటే అవే ఎక్కువ ఉన్నాయి. మందు ఎప్పుడో వానలకి కడుక్కుపోయింది. డబ్బా మీద బొమ్మ మాత్రం అలాగే ఉంది, చచ్చిపడిన దోమ, దాని మీద అడ్డగీత.

ఇది ఎలా జరిగిందో చెప్పాలి, ఎందుకంటే మీకూ జరుగుతుంది. మేము ఇంటి నంబర్ల లిస్టు పట్టుకుని తిరిగేవాళ్లం. షెడ్డుకి ఇంటి నంబరు లేదు. కనుక లిస్టులో లేదు. కనుక దాంట్లో దోమల్లేవు. అన్నేళ్లలో వారానికి మూడుసార్లు దాని తాళం తీసి గరిటెలు తీసుకుని వెతకడానికి బయటికి వెళ్లాం. గరిటెలు దొరికే చోట ఎవరూ గరిటె ముంచలేదు.

డబ్బాలన్నీ ఒంపి బోర్లించాం. టైర్లు లారీకెత్తించాం. అంతా అయ్యాక చూస్తే పోలయ్య ఎర్ర పెయింటు డబ్బా, బ్రష్ పట్టుకుని షెడ్డు బయట గోడ దగ్గర నించుని ఉన్నాడు. ఎగతాళి కాదు. అతని మొహంలో అది ఉండదు.

"సార్, ఇక్కడ చుట్టమంటారా?"

పైమెట్టు మీద సువార్తమ్మగారు నించుని చూస్తోంది. నేను తలెత్తి చూశాను, ఆమె చూడటం నేను చూశానని ఆమెకీ తెలిసింది.

"డబ్బా లోపల పెట్టు పోలయ్యా" అన్నాను.

పెట్టాడు.

పది రోజుల్లో కొత్త జ్వరాలు ఆగిపోయాయి. పొగ బ్రహ్మాండంగా పనిచేసిందని పెద్దాయన మీటింగులో చెప్పారు. వీధిని కాపాడినందుకు నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను. షెడ్డు సంగతి ఏ కాగితం మీదా రాయలేదు.

మూడు శుక్రవారాలు సువార్తమ్మగారింట్లో చూశాం. ఐదు డ్రమ్ములూ అద్దంలా ఉన్నాయి. నియమం ప్రకారం సున్నా చెరపాలి. చెరిపితే మరి జ్వరాలు ఎక్కణ్ణించి వచ్చాయని ఎవరైనా అడుగుతారని నా భయం. వచ్చే వారం చూద్దాం అన్నాను. ఆ వారం రాలేదు. పోలయ్య రిటైరయ్యేదాకా రెండు మూడుసార్లు గుర్తుచేశాడు. తర్వాత గుర్తుచేసేవాళ్లు లేరు. సువార్తమ్మగారు ఇంట్లో వ్యాపారం మానేసి, తన ముఖం ఎవరికీ తెలియని సెంటర్లో గొడుగు కింద బండి పెట్టుకుందని విన్నాను. ఆ దారిన వెళ్లడం మానేశాను.

నీలం రంగు

నేను రిటైరై రెండేళ్లయింది. ఈ వానాకాలం మొదట్లో ఒక శుక్రవారం తెల్ల పెయింటు డబ్బా ఒకటి కొనుక్కుని ఆ మెట్లెక్కాను.

ఇల్లంతా కొత్తగా నీలం రంగు వేసి ఉంది. మొన్న వేసవిలో షారోను పెళ్లికి వేయించారట. ఆ పిల్ల ఇప్పుడు నర్సు. నీలం గోడ మధ్యలో మాత్రం పాత సున్నం చదరంగా వదిలేసి ఉంది. ఆ చదరంలో నా సున్నా. తేదీతో సహా.

సువార్తమ్మగారు నన్ను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టలేదు. కుర్చీ వేసింది. మంచినీళ్లిచ్చింది, చీరముక్క కట్టిన డ్రమ్ములోంచి. నేను చెప్పాల్సింది చెప్పాను. తప్పు నాదేనని, షెడ్డు చూసి కూడా నోరు మూసుకున్నానని, క్షమించమని. అంతా విని ఆమె గోడ వంక చూసింది.

"పెయింటరు దాని మీద కూడా వేసేస్తానన్నాడండి. వద్దన్నా. పెళ్లివారు అడిగితే గవర్నమెంటు వాళ్ల ముద్ర, వాళ్లే వచ్చి తీస్తారని చెప్పా. మీరు వేసింది మీరే తియ్యాలిగా."

ఇప్పుడు తీస్తానని లేచాను. ఆమె నా చేతిలో డబ్బా చూసి మొదటిసారి నవ్వింది.

"మా ఇల్లు నీలమండి. మీరు తెల్లది తెచ్చారు. మళ్లీ చూడకుండానే వచ్చారు."

ఆమె లోపలికి వెళ్లి మిగిలిన నీలం పెయింటు డబ్బా తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. బ్రష్ మాత్రం ఇవ్వలేదు.

"ముందు కిందకెళ్లి అక్కడ ఎర్రది చుట్టి రండి. తర్వాత ఇది తుడుద్దురుగాని."

నాకిప్పుడు ఆ అధికారం లేదమ్మా అన్నాను. అధికారం ఉన్నప్పుడు చుట్టలేదుగా అంది.

దిగి సెంటరుకి వెళ్లి ఎర్ర పెయింటు చిన్న డబ్బా, ఒక చిన్న బ్రష్ కొన్నాను. షెడ్డు తలుపు తీసి ఉంది. లోపల కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఫోన్లో ఏవో ఫొటోలు ఎక్కిస్తోంది. ఎవరండీ మీరు అంది. చెప్పాను. గరిటె అడిగాను. వెతికి వెతికి బీరువా వెనకనుంచి తీసిచ్చింది. ఇద్దరం దొడ్లోకి వెళ్లాం. మూడో డబ్బాలో ఉన్నాయి. తక్కువే, నాలుగో ఐదో. సువార్తమ్మగారి ఐదో డ్రమ్ములో ఉన్నన్నే.

ఆ అమ్మాయి బిత్తరపోయి "సార్, ఇది మా లిస్టులో లేదండీ" అంది. నాకు తెలుసమ్మా అన్నాను.

వీధి వైపు గోడ మీద సున్నా చుట్టాను. గుండ్రం సరిగా రాలేదు. లోపల తేదీ వేసి పైకి వెళ్లాను. ఈసారి బ్రష్ చేతికిచ్చింది. పాత చదరం మొత్తం నీలం చేసి, డ్రమ్ములో నీళ్లతో చేతులు కడుక్కుని వచ్చేశాను.

ఆ షెడ్డుకి మీలో ఎవరినైనా వేస్తే, గోడ మీద వంకరగా ఉన్న ఆ సున్నా ఎవడో పిచ్చివాడు గీసిందని పెయింటు వేసేయకండి. పద్ధతి తెలుసుగా. వరసగా మూడు శుక్రవారాలు గరిటె ముంచి, ఏమీ కనపడకపోతేనే చెరపాలి. రెండింటికే చెరిపేద్దామని బుద్ధి పుడితే ఒకసారి తలెత్తి కొండవైపు చూడండి. పైమెట్టు మీద ఆవిడ ఉంటుంది.